ఫోన్‌లో చెప్తూ సీపీఆర్ చేయించడం నిజంగా పనిచేస్తుందా?

ప్రశ్నలపుట్ట | రాత్రి 8:42

ఈమధ్య మా ఆఫీసులో ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ పెట్టారు. సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కడం, బొమ్మ మీద ఫర్వాలేదు, పట్టుబడింది. వెళ్లిపోతూ ట్రైనర్ గారు ఒక మాటన్నారు. "ఇదంతా మర్చిపోయినా కంగారు పడకండి, ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేస్తే చాలాచోట్ల అవతలివాళ్లే చెప్తూ చేయిస్తారు" అని. అప్పట్నుంచి అదే ఆలోచన. పక్కన కూర్చుని నా మోచేతులు సరిచేస్తే గానీ నాకు రాని పని, కళ్లముందు సొంతమనిషి పడిపోయి వణికిపోతున్నవాళ్లకి ఫోన్‌లో నాలుగు మాటలు చెప్తే వచ్చేస్తుందా? అవతలివాళ్లకి పేషెంటు కనపడడు కదా, గుండె ఆగిందో ఊరికే సొమ్మసిల్లారో ఎలా తెలుస్తుంది? బతికున్న మనిషి ఛాతీ మీద నొక్కిస్తే ఏమవుతుంది? ఈ పనిలో ఉన్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. లింకులు వద్దు, నేనూ వెతకగలను.

సందేహజీవి | రాత్రి 8:55

నాదీ అదే అనుమానం. ఫోన్‌లో కంప్యూటర్ రిపేర్ చెప్తేనే మనవాళ్లకి సగం అర్థం కాదు. ఇది ప్రాణాలతో వ్యవహారం. అంబులెన్స్ వచ్చేదాకా ఫోన్ చేసినవాళ్లకి ఏదో ఒక పని అప్పజెప్పి టెన్షన్ తగ్గించడానికి పెట్టిన ఏర్పాటు ఇది అని నా లెక్క.

హెడ్‌సెట్ | రాత్రి 9:20

నేను చేసేది ఈ పనే, కంట్రోల్ రూమ్‌లో. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఒకటి స్పష్టం చేస్తా. మేం ఫోన్‌లో సీపీఆర్ నేర్పం. నేర్పేంత టైమ్ ఎక్కడుంది? మా అసలు పని నిర్ణయం తీసుకోవడం. "ఇది గుండె ఆగడమేనా, నేను ముట్టుకోవచ్చా, ఏమన్నా అయితే నామీదికొస్తుందా" అని ఫోన్ చేసినవాళ్లు కొట్టుకుపోతుంటారు, ఆ బరువు వాళ్ల నెత్తిన ఉంచకుండా మేం తీసేసుకోవాలి. చేతులు వాళ్లవి, నిర్ణయం మాది. ఇదొక్కటి సరిగ్గా జరిగితే మిగతాది ఎలాగోలా నడుస్తుంది.

కాల్ ఎత్తగానే అడ్రస్. లైను తెగిపోయినా బండి బయల్దేరాలి కాబట్టి. తర్వాత రెండే ప్రశ్నలు: పిలిస్తే, తడితే పలుకుతున్నారా? ఊపిరి మామూలుగా తీసుకుంటున్నారా? రెండింటికీ లేదు అంటే ఇంక మూడో ప్రశ్న అడగను, "ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన కింద పెట్టండి, ఇద్దరం కలిసి మొదలుపెడదాం" అంటాను. నాడి చూడమని అస్సలు అడగం. అలవాటున్న వైద్య సిబ్బందికే 10 సెకన్లలో నాడి ఉందో లేదో తేల్చడం కష్టం. కంగారులో ఉన్న మనిషికి తన వేళ్లలో కొట్టుకునే నాడే తగిలి "ఉందండీ ఉందండీ" అంటారు.

ఇక చిక్కు అంతా ఆ రెండో ప్రశ్న దగ్గరే. "ఊపిరి ఉందా" అని అడిగితే చాలామంది ఉంది అనేస్తారు. ఎందుకంటే గుండె ఆగిన మొదటి నిమిషాల్లో దాదాపు 40 శాతం మందిలో ఎగశ్వాస ఉంటుంది. నోరు తెరుచుకుని గాలికోసం ఎగబీల్చినట్టు, ఒక్కోసారి గురకలా, ఒక్కోసారి మూలుగులా ఉండి, మళ్లీ కాసేపు ఏమీ ఉండదు. చూసేవాళ్లకి అది ఊపిరే. అది మెదడు అడుగుభాగంలో మిగిలిన కాస్త శక్తితో వచ్చే కదలిక, ఒంటికి ఆక్సిజన్ అందించే ఊపిరి కాదు. ఎగశ్వాసని ఊపిరి అనుకుని ఆగిపోవడమే మా పనిలో జరిగే అతి పెద్ద నష్టం. అందుకే అనుమానం వస్తే "ఆయన ఊపిరి తీసుకున్న ప్రతిసారీ నాకు 'ఇప్పుడు' అని చెప్పండి" అంటాను. ఇప్పుడు... అని వినపడుతుంది. తర్వాత నేను నా స్క్రీన్ మీద సెకన్లు చూస్తుంటాను. ఐదు. ఏడు. తొమ్మిది. "ఇప్పుడు." ఇంక అడగడానికేం లేదు. పారిస్ ఫైర్ బ్రిగేడ్ వాళ్లయితే ఫోన్ చేసినవాళ్లని పేషెంటు పొట్టమీద చెయ్యి పెట్టమని, అది పైకి లేచినప్పుడల్లా చెప్పమని అడుగుతారు. కళ్లకంటే చెయ్యి తక్కువ మోసపోతుందని.

సందేహజీవి గారూ, టెన్షన్ తగ్గడం కూడా జరుగుతుంది, కాదనను. కానీ అందుకు పెట్టింది కాదు.

ప్రశ్నలపుట్ట | రాత్రి 9:31

ఎగశ్వాస సంగతి మా ట్రైనింగ్‌లో ఒక్క ముక్క చెప్పలేదు. ఊపిరి ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి అన్నారు, అంతే. అంటే నేను సగం మందిని పక్కకి తిప్పి చూస్తూ కూర్చునేవాణ్ణన్నమాట.

డేటాపిచ్చి | రాత్రి 9:48

లింకులు వద్దన్నారు కాబట్టి కథలాగా చెప్తా.

ఆపరేషన్ చేసి గుండెని చేత్తో పిండడం కాకుండా, బయటినుంచి ఛాతీ మీద నొక్కితేనే రక్తం కదులుతుందని అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు 1960లో చూపించారు. తర్వాత దాన్ని జనానికి నేర్పడం మొదలైంది. క్లాసుకొచ్చేవాళ్లు ఒకళ్లు, గుండె ఆగినప్పుడు పక్కనుండేవాళ్లు ఇంకొకళ్లు, అదీ ఇబ్బంది. 1970ల చివర్లో సాల్ట్ లేక్ సిటీలో జెఫ్ క్లాసన్ అనే డాక్టరు, డిస్పాచర్లు (ఎమర్జెన్సీ కాల్స్ ఎత్తేవాళ్లు) ఏం అడగాలో ఏం చెప్పాలో వరసగా రాసిన కార్డులు తయారుచేశారు. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో మిక్కీ ఐసెన్‌బర్గ్ బృందం ఫోన్‌లోనే సీపీఆర్ చెప్పించి, దాని ఫలితాలు 1985లో అచ్చువేసింది. అంటే ఇది కొత్త ప్రయోగమేం కాదు, 40 ఏళ్ల పని.

నాకు బాగా నచ్చింది 2000లో సియాటిల్ నుంచే వచ్చిన స్టడీ. డిస్పాచర్లు కొన్ని కాల్స్‌లో ఛాతీ నొక్కడం ఒక్కటే చెప్పారు, కొన్నిటిలో నోట్లో నోరు పెట్టి ఊదడం కూడా చెప్పారు, ఎవరికి ఏది అనేది లాటరీలాగా. నొక్కడం ఒక్కటే చెప్పినవాళ్లలో 14.6 శాతం, రెండూ చెప్పినవాళ్లలో 10.4 శాతం బతికి ఇంటికెళ్లారు. ఈ తేడా యాదృచ్ఛికం కావచ్చు, గణాంకాల ప్రకారం నిలబడదు. కానీ తలకిందులుగా చూడండి, ఊదడం వదిలేసినా నష్టం కనపడలేదు! పైగా సూచనలు చెప్పి ముగించడానికి దాదాపు నిమిషంన్నర తక్కువ పట్టింది. 2010లో మళ్లీ రెండు పెద్ద స్టడీలు, ఒకటి స్వీడన్‌ది, ఒకటి అమెరికా, బ్రిటన్ కలిపి చేసింది, రెండూ అదే మాట చెప్పాయి. అందుకే ఇప్పుడు పెద్దవాళ్లు ఉన్నట్టుండి కుప్పకూలితే ఫోన్‌లో ఛాతీ నొక్కడమే చెప్తారు.

సందేహజీవి | రాత్రి 10:02

సరే. నా రెండో అనుమానం తేలలేదు. గుండె ఆగని మనిషిని నొక్కిస్తే? ఫిట్స్ వచ్చినవాళ్లుంటారు, షుగర్ పడిపోయినవాళ్లుంటారు, తాగి పడిపోయినవాళ్లుంటారు. రెండు ప్రశ్నలడిగి పక్కటెముకలు విరగ్గొట్టిస్తారా?

డేటాపిచ్చి | రాత్రి 10:10

ఇది లెక్కేశారు. కింగ్ కౌంటీలోనే, 2010లో వచ్చింది. డిస్పాచర్ చెప్తే ఛాతీ నొక్కారు, తర్వాత చూస్తే గుండె ఆగలేదని తేలింది, అలాంటివాళ్లని ఏరి ఆస్పత్రి రికార్డులు చూశారు. ఎముక విరిగినవాళ్లు 2 శాతం దగ్గర. లోపలి అవయవాలకి దెబ్బ తగిలిన కేసు ఒక్కటీ దొరకలేదు. కొంతమందికి నొప్పి, అంతే. ఇటువైపు చూస్తే, గుండె నిజంగా ఆగితే ఏమీ చేయకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది. ఈ రెండు తప్పుల్లో ఏది భరించగలమో చెప్పండి.

ఐసీయూ_అక్క | రాత్రి 10:26

ఆ వైపు మేముంటాం కాబట్టి ఒక మాట. నిజంగా గుండె ఆగినవాళ్లలో, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లలో, పక్కటెముకలు విరగడం మామూలే. నొక్కేటప్పుడు పుటుక్కుమని వినపడుతుంది, చాలామంది అక్కడే భయపడి చేతులు తీసేస్తారు. తీయకండి. ఎముక అతుక్కుంటుంది. మెదడు అతుక్కోదు. బాగా నొక్కినా మామూలు రక్త ప్రసరణలో పావు వంతో, మహా అయితే మూడో వంతో అందుతుంది. ఆ కాస్త కూడా లేకుండా వచ్చినవాళ్లకి మేం గుండె మళ్లీ కొట్టించినా చాలాసార్లు మనిషి తిరిగి రాడు.

బతికున్నవాళ్లని నొక్కితే వాళ్లే చెప్తారు సందేహజీవి గారూ. మూలుగుతారు, చేతులు తోసేస్తారు, తిడతారు. అప్పుడు ఆపెయ్యండి. తిట్టించుకోవడం కంటే మంచి ఫలితం ఏముంది?

ఇంకోటి, గుండె ఆగిన తొలి క్షణాల్లో కూడా ఒళ్లు ఫిట్స్ లాగా కొట్టుకోవచ్చు. ఫిట్స్ అనుకుని కూర్చోకండి. కొట్టుకోవడం ఆగగానే పలుకుతున్నారా, ఊపిరి మామూలుగా ఉందా, మళ్లీ చూడాలి.

అక్కడున్నా | రాత్రి 10:41

చదువుతున్నా, రాయాలో వద్దో అనుకుంటూ. సరే రాస్తా. మా మామగారికి జరిగింది, ఫోన్ చేసింది నేను.

తెల్లవారుజామున అత్తయ్య అరుపు విని వెళ్లాం. మంచం మీద ఉన్నారు, గురక పెడుతున్నట్టుంది, మొహం నీలంగా. ఫోన్‌లో ఆవిడ అడిగింది హెడ్‌సెట్ గారు రాసిన రెండు ప్రశ్నలే. నేను "గురక పెడుతున్నారండీ" అన్నా. "ఒక్క గురక నాకు వినిపించండి" అంది. ఫోన్ దగ్గర పెట్టా. తర్వాత ఆవిడ గొంతు మారిపోయింది. అరవలేదు, కానీ నేను కాదనలేని గొంతు. "ఆయన్ని కిందికి దించాలి. దిండు తీసెయ్యండి. చంకల కింద పట్టుకుని లాగండి, దెబ్బ తగిలినా ఫర్వాలేదు." నేనూ మా ఆయనా దుప్పటితో సహా లాగాం, కాళ్లు దబ్బుమని పడ్డాయి. నేను చొక్కా బొత్తాలు తీయబోతే "బట్టలు వదిలెయ్యండి" అంది. ఛాతీ మధ్యలో ఒక అరచేతి మడమ, దానిమీద ఇంకో చెయ్యి, మోచేతులు వంచొద్దు, మీ బరువంతా వెయ్యండి, పైకి వచ్చేటప్పుడు పూర్తిగా వదలండి. అంతే చెప్పింది.

తర్వాత అంతా లెక్క. ఒకటి రెండు మూడు నాలుగు, ఒకటి రెండు మూడు నాలుగు. ఆవిడా నాతో పాటు అంటూనే ఉంది. నేను మెల్లగా అయితే ఆవిడ గొంతు పెరిగేది. మధ్యలో "ఇంట్లో ఇంకెవరున్నారు, తలుపు తీసి ఉంచమనండి, గేటు దగ్గర లైటు వెయ్యమనండి" అనేది, మళ్లీ లెక్కలోకి వచ్చేసేది. నా చేతులు పనికిరాకుండా పోయేసరికి మా ఆయన్ని నా ఎదురుగా కూర్చోబెట్టి, "నేను మార్చమన్నప్పుడే మార్చండి, మధ్యలో గ్యాప్ వద్దు" అంది.

మామగారు బతికారు. ఆయనకేమీ గుర్తులేదు. ఇంటికొచ్చాక కొన్ని వారాలు తుమ్మొస్తే చాలు ఛాతీ పట్టుకుని నావైపు చూసేవారు.

నాకిప్పటికీ అర్థం కానిది, అంత హడావుడిలో ఆవిడ ఒక్కసారి కూడా "చేయగలరా" అని అడగలేదు. అడిగుంటే చేయలేననేదాన్ని.

హెడ్‌సెట్ | రాత్రి 10:58

అక్కడున్నా గారూ, అది అనుకోకుండా జరిగింది కాదు. ఆస్ట్రేలియాలో పెర్త్‌లో రికార్డయిన కాల్స్‌ని భాష చదువుకున్నవాళ్లు కూర్చుని మాట మాటా విని 2018లో ఒక స్టడీ వేశారు. "మీరు సీపీఆర్ చేస్తారా" అన్నట్టు అడిగితే ఒప్పుకున్నవాళ్లు సగం కూడా లేరు. "ఇప్పుడు మనం సీపీఆర్ చేయబోతున్నాం" అంటే దాదాపు అందరూ మొదలుపెట్టేశారు. అందుకే నేను కొత్తవాళ్లకి చెప్పేటప్పుడు అడక్కండి, చెప్పండి అంటాను. మర్యాద కోసం అడిగితే, ఆ మర్యాదకి మూల్యం పేషెంటు కడతాడు.

మీరు రాసినవన్నీ అలా తేల్చుకున్నవే. బట్టలు తీయించడం మానేశారు, టైమ్ దండగ, లాభం పెద్దగా లేదు. "5 సెంటీమీటర్లు నొక్కండి" అనం, "మీకు చేతనైనంత గట్టిగా నొక్కండి" అంటాం. సెంటీమీటర్లు చెప్తే జనం భయపడి పైపైన నొక్కుతారు. పుస్తకం ప్రకారం పెద్దవాళ్లకి 5 నుంచి 6 సెంటీమీటర్లు, నిమిషానికి 100 నుంచి 120. నాలుగు దాకానే లెక్కించడం కూడా అందుకే. ఆ స్పీడులో పదకొండు, పన్నెండు, పదమూడు అంటూ పోయి చూడండి, నాలిక మడతపడుతుంది, నాలికతో పాటు చేతులూ మెల్లబడతాయి. కొన్నిచోట్ల మెట్రోనోమ్ టిక్కుటిక్కు లైన్లోకే వదుల్తారు.

మంచం మీంచి దించడం మాత్రం మాకు అన్నిటికంటే పెద్ద తలనొప్పి. పరుపు మీద నొక్కితే మనిషి ఛాతీతో పాటు పరుపూ దిగుతుంది కదా, అందుకని నేల కావాలి. బరువున్న మనిషి, ఇంట్లో ఉన్నది డెబ్బై దాటిన భార్య ఒక్కరే. అలాంటప్పుడు దించడం దగ్గరే కాలం గడిచిపోతుంది. ఒకట్రెండు ప్రయత్నాలు చేయించి, కుదరకపోతే మంచం మీదే మొదలుపెట్టించేస్తా. ఏమీ లేకపోవడం కంటే పరుపు మీద నొక్కడం మేలు.

డేటాపిచ్చి | రాత్రి 11:07

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ బాగా నడిచే కేంద్రాలకి పెట్టిన గురి ఏంటంటే, అడ్రస్ తెలిసినప్పట్నుంచి మొదటి నొక్కు పడేదాకా 90 సెకన్లు దాటకూడదు. అది సాధించాలంటే కాల్స్ రికార్డింగులు తీసి వినాలి, ఏ సెకనులో గుర్తుపట్టారు, ఏ సెకనులో చేతులు పడ్డాయి అని రాసుకోవాలి. కార్డులు గోడకి తగిలిస్తే జరిగే పని కాదు. అరిజోనాలో బెన్ బాబ్రో బృందం ఇలాగే డిస్పాచర్లకి ట్రైనింగ్ ఇచ్చి, రికార్డింగులు విని, తప్పొప్పులు మళ్లీ వాళ్లకే చెప్పి చూసింది. బతికి బయటపడ్డవాళ్లు 9.1 శాతం నుంచి 12 శాతానికి పెరిగారు, 2016లో వచ్చింది. ముందు, తర్వాత అని పోల్చిన లెక్క కాబట్టి అంతా ఫోన్ సూచనల మహిమే అని ప్రమాణం చేయలేం. కానీ ఆ మూడు శాతం మనుషులే.

సందేహజీవి | రాత్రి 11:12

9, 12 శాతం అంటే... నూటికి 88 మంది ఎలాగూ పోతున్నారు. అది కూడా పైకి చెప్పాలి. ఫోన్ చేసినవాళ్లకి మీరు చేస్తే బతికేస్తారు అన్న ఆశ పెట్టడం నాకు నచ్చదు.

నీలిగోడ | రాత్రి 11:30

ఆ 88లో ఒకరు మా అమ్మ.

నేను స్నానం చేసి వచ్చేసరికి పడి ఉంది, ఎంతసేపయిందో తెలియదు. ఫోన్‌లో చెప్పినట్టే చేశా, అంబులెన్స్‌వాళ్లు వచ్చేదాకా ఆపలేదు. వాళ్లు మెషిన్ పెట్టి చూసి షాక్ ఇవ్వలేదు. సినిమాల్లో లాగా షాక్ ఇస్తారనుకున్నా. ఎందుకివ్వలేదో, నేను సరిగ్గా నొక్కలేదేమో, గట్టిగా నొక్కి ఉంటే ఇచ్చేవాళ్లేమో, ఈ లెక్క నాకిప్పటికీ తెగలేదు. ఎవరైనా తెలిసినవాళ్లు చెప్తే వింటా. ఓదార్పు మాటలు వద్దు, చాలా విన్నాను.

ఐసీయూ_అక్క | రాత్రి 11:49

ఓదార్పు కాదమ్మా, ఉన్నదే చెప్తా.

షాక్ పనిచేసేది ముఖ్యంగా గుండె అడ్డదిడ్డంగా వణుకుతున్నప్పుడు. వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటాం. కరెంటు ఉంది, లయ లేదు. షాక్ ఆ గందరగోళాన్ని ఒక్కసారి ఆపేస్తే గుండె తన లయ తను పట్టుకునే అవకాశం ఉంటుంది. గుండెలో కరెంటే లేకపోతే, మెషిన్ తెరమీద గీత సాఫీగా వచ్చేస్తే, షాక్‌కి అక్కడ చేసే పని లేదు. అప్పుడు షాక్ ఇవ్వకపోవడమే సరైన వైద్యం. సినిమాల్లో చూపించేది తప్పు.

ఆ గీత ఎలా ఉంటుందనేది ఎక్కువగా రెండిటిమీద ఆధారపడుతుంది. అసలు ఎందుకు ఆగింది, ఆగి ఎంతసేపయింది. ఎవరూ చూడనప్పుడు పడిపోయినవాళ్లలో మనం చేరేసరికి ఆ వణుకు కూడా అయిపోయి ఉండటమే ఎక్కువ. నొక్కడం ఆ వణుకుని కాసేపు నిలబెట్టగలదు. పూర్తిగా పోయిన కరెంటుని మీ చేతులు తెచ్చిపెట్టలేవు, మా చేతులూ తేలేవు, ఆస్పత్రి మంచం మీద మందులన్నీ పక్కనే ఉన్నా చాలాసార్లు తేలేవు. మీ నొక్కుడు సరిపోలేదు కాబట్టి షాక్ ఇవ్వలేదు అనుకోవడానికి మీరు రాసినదాంట్లో ఏ ఆధారమూ లేదు.

హెడ్‌సెట్ | రాత్రి 11:58

నీలిగోడ గారూ, సందేహజీవి గారికి చెప్పాల్సింది కూడా ఇక్కడే చెప్తా. మేం లైన్లో "బతికేస్తారు" అని ఎప్పుడూ అనం, అనకూడదు. "మీరు సరిగ్గా చేస్తున్నారు, ఆపకండి, మా వాళ్లు దారిలో ఉన్నారు" అంటాం. ఈ మూడూ నిజాలే. అబద్ధం ఆడితే ఆ గొంతు వాళ్ల చెవిలో ఏళ్ల తరబడి ఉంటుంది.

నీలిగోడ | రాత్రి 12:06

షాక్ సంగతి ఇన్నాళ్లూ ఎవరూ ఇలా చెప్పలేదు. థాంక్స్ అక్కా.

పిల్లలడాక్టరు | ఉదయం 6:35

రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడు చదివా. పైన ఊదడం అక్కర్లేదు అన్నట్టు అర్థమయ్యే అవకాశం ఉంది, సరిచేయాలి. అది ఉన్నట్టుండి కుప్పకూలిన పెద్దవాళ్ల సంగతి. వాళ్లలో చాలామందికి పడిపోయే క్షణం దాకా ఒంట్లో ఆక్సిజన్ బాగానే ఉంటుంది కాబట్టి మొదటి నిమిషాలు నొక్కడంతోనే నడుస్తుంది. చిన్నపిల్లల్లో వరస తిరగబడుతుంది, ముందు ఊపిరి ఆగుతుంది, దానివల్ల గుండె ఆగుతుంది. నీళ్లలో మునిగినవాళ్లు, గొంతులో ఏదన్నా అడ్డం పడినవాళ్లు, ఏ వయసువాళ్లయినా ఇంతే. రక్తంలో ఆక్సిజనే లేకపోతే దాన్ని తిప్పి ఏం లాభం? ఇలాంటప్పుడు డిస్పాచర్ ఊదడం కూడా చెప్తారు, 30 నొక్కులు, 2 ఊపిర్లు. పిల్లల్లో లోతు ఛాతీ మందంలో మూడో వంతు, నెలల పిల్లలకి 4 సెంటీమీటర్ల దగ్గర. వయసు అడిగేది అందుకే, ఫారం నింపడానికి కాదు.

గాడ్జెట్‌గురు | ఉదయం 8:10

ఇంత టెక్నాలజీ ఉండగా ఇంకా గొంతు మీదే ఎందుకు ఆధారపడుతున్నారు? వీడియో కాల్ చేస్తే అయిపోదా? ఏఐ వింటే మనిషికంటే ముందే గుర్తుపడుతుంది కదా?

డేటాపిచ్చి | ఉదయం 8:31

ఏఐని కోపెన్‌హాగెన్‌లో పరీక్షించారు. పాత కాల్స్ వినిపిస్తే మెషిన్ మనిషికంటే ఎక్కువ కేసులు, ఇంకాస్త త్వరగా పట్టింది. అక్కడితో ఆగితే సూపర్. తర్వాత నిజం కాల్స్‌లో, మెషిన్ హెచ్చరిక సగం కాల్స్‌లో డిస్పాచర్లకి చూపించి సగం కాల్స్‌లో చూపించకుండా పోల్చారు, 2021లో ఫలితం వచ్చింది. గుర్తుపట్టడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మెషిన్‌కి తెలియడం వేరు, స్క్రీన్ మీద వెలిగిన బల్బుని లైన్లో ఏడుస్తున్న మనిషిని వింటున్న డిస్పాచర్ నమ్మి నడుచుకోవడం వేరు.

నాకు వీటన్నిటికంటే పనికొచ్చేలా కనిపించింది స్టాక్‌హోమ్ పద్ధతి. సీపీఆర్ వచ్చిన వాలంటీర్లు దగ్గర్లో ఎవరున్నారో ఫోన్ లొకేషన్ చూసి డిస్పాచ్ వాళ్లే పిలుస్తారు. 2015లో వచ్చిన ఫలితం ప్రకారం, చుట్టుపక్కలవాళ్లు సీపీఆర్ మొదలుపెట్టిన కేసులు వాలంటీర్లని పిలవనప్పుడు 48 శాతం, పిలిచినప్పుడు 62 శాతం.

హెడ్‌సెట్ | ఉదయం 9:02

వీడియో మంచిదే, చేతులు ఎక్కడున్నాయో కనపడుతుంది. కానీ ఫోన్ పట్టుకుని చూపించడానికి ఇంకో మనిషి కావాలి. ఒక్కళ్లే ఉంటే ముందు నొక్కించాలి, వీడియో తర్వాత. లింక్ పంపి, అది తెరిచి, పర్మిషన్ నొక్కి... ఈలోపు ఎన్ని నొక్కులు పోయాయో లెక్కేసుకోండి.

మీరు ఎవరూ అడగలేదు గానీ ఒకటి చెప్పాలనిపించింది. అంబులెన్స్ వాళ్లు గదిలోకి రాగానే "మేం చూసుకుంటాం" అని వినపడుతుంది, లైను కట్. ఆ తర్వాత ఏమయిందో మాకు చాలాసార్లు తెలియదు, పక్క కాల్ మోగుతుంటుంది. అమెరికాలో అయితే ఈ పని చేసేవాళ్లని ప్రభుత్వం చేసే ఉద్యోగాల వర్గీకరణలో ఏళ్ల తరబడి గుమాస్తాల కిందే లెక్కగట్టారు, అది మార్చాలని అక్కడ బిల్లు కూడా పెట్టారు. ఫలితం చెప్పే ఏర్పాటు ఉన్న కేంద్రాల్లో జనం ఈ ఉద్యోగంలో ఎక్కువకాలం ఉంటారని నా నమ్మకం. లెక్కలడక్కండి, నా నమ్మకం అంతే.

ప్రశ్నలపుట్ట | ఉదయం 9:40

అడిగినదానికి పదింతలు వచ్చింది, అందరికీ థాంక్స్. సందేహజీవి గారి సంగతేమో గానీ నాకు అనుమానం తీరింది. రెండు చిన్న ప్రశ్నలు, హెడ్‌సెట్ గారూ. ఒకటి, ఇంట్లో నేనొక్కణ్ణే ఉండి ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చే మెషిన్) పక్క బిల్డింగ్‌లో ఉందని తెలిస్తే పరిగెత్తాలా? రెండు, నాకు సీపీఆర్ వచ్చు అని ముందే చెప్తే మీరు ఫోన్ పెట్టేస్తారా?

సందేహజీవి | ఉదయం 9:52

నాకు ముప్పావు వంతు తీరింది. మిగతా పావు వంతు ఎగశ్వాస శబ్దం వినపడే వీడియో ఎవరైనా పెడితే తీరుతుంది. రాసింది చదివితే గుర్తుపట్టగలనని నాకు నమ్మకం లేదు.

హెడ్‌సెట్ | ఉదయం 10:15

ఒంటరిగా ఉంటే పరిగెత్తొద్దు, నొక్కుతూనే ఉండండి, లైన్లో నాకు చెప్పండి, తేగలిగినవాళ్లు ఎవరున్నారో నేను చూస్తా. రెండో మనిషి ఉంటే ఆ మనిషి పరిగెత్తాలి, మీరు కాదు.

వచ్చు అని చెప్పినా ఫోన్ పెట్టం. మీతో లెక్కిస్తాం. ట్రైనింగ్ అయినవాళ్లు కూడా కంగారులో మరీ వేగంగా, పైపైన నొక్కుతారు, లేదా రెండో నిమిషానికే మెల్లబడతారు. వాళ్లకి తెలియదు, లైన్లో మాకు వినపడుతుంది. మీరు చేయాల్సిందల్లా స్పీకర్ ఆన్ చేసి ఫోన్‌ని పేషెంటు తల పక్కన నేలమీద పెట్టడం. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని నొక్కడానికి చూస్తారు చాలామంది, రెండు నొక్కులకే జారిపోయి మంచం కిందికి పోతుంది.

సందేహజీవి గారూ, మా ట్రైనింగ్‌లో వినిపించే ఆడియోలు బయట పెట్టడానికి లేదు, అవి నిజం మనుషులవి. ట్రైనింగ్ కోసం నటించి తీసినవి దొరుకుతాయి, ఐసీయూ అక్క దగ్గర ఉండొచ్చు.

ఐసీయూ_అక్క | ఉదయం 10:34

ఉంది, మా కొత్త నర్సులకి చూపించేది. సాయంత్రం డ్యూటీ దిగాక పెడతా. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, స్క్రీన్ చూడకుండా ఒకసారి వినండి, తర్వాత చూస్తూ వినండి. డిస్పాచర్‌కి వినపడేది మొదటిదే.